ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు

పది గంటలకల్లా అరవై ఫారాలు పంచెయ్యాలి, ఒంటిగంటకల్లా వాటిని తిరిగి పోగుచెయ్యాలి, రెండింటికి నల్లా నీళ్లు వచ్చేసరికి ఇంట్లో ఉండాలి. బుధవారం పొద్దున చాయ్ తాగుతూ రోజా అనుకున్నది ఇంతే. ఆ చాయ్ కూడా నిలబడే తాగింది. కూర్చుంటే ఎక్కడో ఏదో పని చెడిపోతోందని ఆమెకు అనుమానం.

ఆరోగ్య శాఖ సర్వేలు చేసిపెట్టే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. ఇదివరకు దోమల సర్వే చేసింది, మరుగుదొడ్ల సర్వే చేసింది. ఈసారి వచ్చింది గాంజా సర్వే. భివండీలో మరమగ్గాలను తెలుగువాళ్లు సాంచెలంటారు. ఆ సాంచెల మీద పన్నెండేసి గంటలు నిలబడే పనివాళ్లలో ఎంతమంది గాంజా తాగుతున్నారో, వాళ్లలో ఎవరి పరిస్థితి అపాయం దాకా వచ్చిందో లెక్క తేల్చాలి. అపాయం ముదరకముందే వాళ్లను పట్టుకుని మాట్లాడాలి.

"తాగుతాడా లేదా అన్నది కాదు అక్కా అసలు సంగతి," అని శిక్షణలో డాక్టర్ వైభవ్ మరాఠీలో చెప్పాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టరు, ఇస్త్రీ చొక్కా నలగకుండా మాట్లాడతాడు. "ఏడాదికొకసారి పండక్కి తాగేవాడూ ఉంటాడు, తాగి యంత్రం ముందు నిలబడేవాడూ ఉంటాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. అందుకే ఈ ఎనిమిది ప్రశ్నలు."

ఎన్నిసార్లు తాగుతారు, తాగాలని మనసు ఎంత లాగుతుంది, దొరక్కపోతే ఒంట్లో ఎలా ఉంటుంది, ఇంట్లోవాళ్లు మానమన్నారా, మానబోయి మానలేకపోయారా... ఇలా సాగి, ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగుతుంది: తాగి మగ్గం మీదికి వెళ్లారా? ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ఇరవై నాలుగు. మూడు దాకా పరవాలేదు. నాలుగు నుంచి పదకొండు దాకా అయితే కూర్చోబెట్టి మాట్లాడాలి. పన్నెండు, ఆపైన వస్తే ఆస్పత్రికి పంపాలి.

"ఒక్కటి గుర్తుంచుకోండి," అన్నాడు వైభవ్. "గాంజా అన్న మాట మీ నోట రాకూడదు. వింటే జనం భయపడి అబద్ధాలు చెబుతారు. కాగితం ఇచ్చి దూరంగా వెళ్లిపోండి. వాళ్లే చదువుకుని, వాళ్లే టిక్కులు పెడతారు. ఇంట్లో కూడా చర్చ వద్దు."

కామత్‌ఘర్‌లో రోజా ఉండే గల్లీలో అందరూ సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లే కనుక అక్కడికి తెలుగు ఫారాలు కావాలి. భూషణ్ అనే గుమాస్తా మరాఠీ కాగితాన్ని ఫోనులో పెట్టి పావుగంటలో తెలుగులోకి మార్చేశాడు. గాంజా అని ఉన్న ప్రతిచోటా ఫోను గంజి అని రాసింది. భూషణ్‌కు తెలుగు రాదు. రోజా భివండీలో పుట్టి మరాఠీ బడిలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం చదవలేదు. చదవగలిగిన గల్లీవాళ్లకేమో అందులో తప్పున్నట్టు అనిపించలేదు.

ఫారం పట్టుకుని రోజా మొదట పెంటవ్వ గడపలోకి వెళ్లింది. పెంటవ్వకు డెబ్భై ఏళ్లు. ఆమె పక్కనే రోజా అత్త ఐలవ్వ కూర్చుని ఉంది. ఐలవ్వ పెద్దతనంలో రాత్రిబడికి పోయి చదువు నేర్చుకున్న మనిషి. చదవడానికి కాగితం దొరికితే విడిచిపెట్టదు.

"అత్తమ్మా, నువ్వు సదివి అవ్వకు జెప్పు. నేనిక్కడ ఉండొద్దు, రూలు," అని చెప్పి రోజా పరుగున పక్కింటికి వెళ్లింది.

పన్నెండున్నరకు తిరిగి వచ్చేసరికి పెంటవ్వ ముఖం వెలిగిపోతోంది.

"నా బతుకుల గింత మంచి సర్కారు కాగితం సూడలే బిడ్డా! అన్ని నా ముచ్చట్లే అడిగిండ్రు."

రోజా గొంతు తగ్గించి అడిగింది. "పెంటవ్వా, నువ్వు సుత?"

"నేను సుత ఏందే? నన్ను జూసి నలుగురు నేర్సుకున్నరు. చిన్నప్పటిసంది పొద్దుగాల లోటెడు పడాలె. షుగరున్నది మానుమని డాక్టరన్నడు. మూడు దినాలు మానిన. నాలుగోనాడు చేతులు వణికినయి. మల్ల సురువు జేసిన. ఇప్పటికి సుత అది తాగే సాంచెల కాడ నూలు సుట్టవోత."

"అన్ని గట్లనే రాసినవా?"

"ఉన్నదున్నట్టు సూపిచ్చిన. మీ అత్త టిక్కులు వెట్టింది. ఆమె తక్వదా? పొద్దుగూకినంక సుత తాగుతది," అని నవ్వింది పెంటవ్వ.

రోజా కాగితాలు పోగుచేసుకుని ఇంటికి వచ్చి కూడటం మొదలుపెట్టింది. అక్షరాలు రాకపోయినా గడులు లెక్కపెట్టవచ్చు. కూడుతున్నకొద్దీ ఆమె లేచి నిలబడింది, గదిలో నాలుగడుగులు వేసింది, మళ్లీ కూర్చుని మొదటినుంచి కూడింది. అరవై మందిలో యాభై ముగ్గురికి పన్నెండు దాటాయి. పెంటవ్వకు ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు. అత్తకు పంతొమ్మిది. ఫారాల మీద పేర్లు ఉండవు కానీ ఏ నెంబరు ఎవరిదో రోజా నోట్‌బుక్కులో ఉంది. భర్త అంకుశంది పద్నాలుగు. గల్లీ మొత్తం మీద సున్నా వచ్చింది ఒక్కరికే: ఆమె మరిది రాజమౌళి. ఆ సున్నా చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఒక్కడన్నా బాగున్నాడు.

నల్లా వచ్చి పోయింది. బిందెలు ఖాళీగానే ఉండిపోయాయి.

అంకుశం సదానందం సేటు కార్ఖానాలో జాబర్, సాంచెలు చెడితే బాగుచేస్తాడు. అతను అన్నానికి వచ్చి కంచం ముందు కూర్చోగానే రోజా ఎదురుగా నిలబడింది.

"నువ్వు పొద్దుగాల తాగి పోతున్నవా?"

"తాగకుంట ఎట్ల పోవాలె? ఎండపూట పానం నిలవడాలె గద."

"ఎవరిస్తున్నరు నీకు?"

"ఎవరిచ్చుడేంది? అమ్మ కలిపిస్తది. ఉల్లిగడ్డ కొరుక్కుంట తాగితే కడుపుల సల్లగుంటది. నువ్వే తాగవు, చాయ్ మీద బతుకుతవు."

గాంజాను ఉల్లిగడ్డతో తీసుకుంటారని శిక్షణలో ఎవరూ చెప్పలేదు. రోజా ఆ సంగతి నోట్‌బుక్కులో రాసుకుంది. అత్త పక్కింటికి వెళ్లిన వేళ చూసి వంటగదిలోని డబ్బాలన్నీ దించింది. పప్పుల వెనక, ఒక పాత పాలపొడి డబ్బాలో, ఎండిన ఆకు గుప్పెడు దొరికింది. ముదురు ఆకుపచ్చ రంగు, ఘాటైన వాసన. దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఫోటో తీసి వైభవ్‌కు పంపింది.

వైభవ్ వెంటనే ఫోను చేశాడు. "డెబ్భై ఏళ్ల ముసలామెకు పూర్తి మార్కులా? లెక్క సరిగ్గా చేశారా?"

"మూడుసార్లు చేశాను సార్. మా అత్తే కలిపి ఇస్తోంది."

వైభవ్ గొంతులో దిగులు ఎంత ఉందో ఉత్సాహమూ అంతే ఉంది. ఇలాంటి గల్లీ రాష్ట్రంలో ఇంకొకటి ఉండదని అతనికి అనిపించింది. పైఅధికారులకు ఫోను చేశాడు, ఫోటో పోలీసులకు పంపాడు. శుక్రవారం సాంచెలకు ఎలాగూ సెలవు కాబట్టి ఆ రోజే గల్లీవాళ్ల సమాజం హాలులో శిబిరం పెట్టాలని నిర్ణయించాడు. హాలు తాళం సదానందం సేటు దగ్గర ఉంటుంది. తాళం అడుగుతూ, ఎనిమిదో ప్రశ్నకు వచ్చిన జవాబులు కూడా చెప్పేశాడు.

గురువారం పొద్దున పదకొండింటికి సదానందం కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. శుక్రవారం కాని రోజున ఆ మోత ఆగితే గల్లీకి ఊపిరి ఆగినట్టే. ఆడవాళ్లు బయటికి వచ్చి ఎవరు పోయారని అడిగారు. పసిపిల్లలు నిద్రలోంచి లేచి ఏడ్చారు.

సదానందం గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "తాగి పనికొస్తున్నరట గద మీరు?"

పనివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "తాగే వస్తున్నం సేటూ. ఎన్నడు తాగకుంట వచ్చినం?"

"సిగ్గు లేకుంట నా మొకం మీదనే జెప్తున్నరా!"

"సిగ్గేంది సేటూ? మీ ఇంట్ల తాగరా?"

"మా ఇంట్లనా!" సదానందానికి ఊపిరి అందలేదు. "మా నాయిన పేరు మీద కార్ఖానా ఇది. ఆస్పత్రి నుంచి చిట్టీ తెస్తెనే లోపలికి రానిస్త. పోండ్రి!"

రోజాకు ఆ రోజు కాలు నిలవలేదు. ఇంట్లో ఉంటే అత్త కనిపిస్తుంది; గల్లీలోకి వస్తే పని పోయి అరుగుల మీద కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. నలుగురు దగ్గరికొచ్చి, "నీ కాగితం వల్లనేనట గద రోజా, ఏం రాసినవు?" అని అడిగారు. తప్పు చేసినవాళ్లలా కాకుండా తప్పు చేసినదాన్ని చూసినట్టు చూశారు. ఆమె చిన్నప్పటి నుంచి ఎరిగిన మనుషులు. రేపు వీళ్లందరినీ బండ్లలో ఎక్కిస్తారు. ఎక్కించింది తానేనని వీళ్ల పిల్లలకు కూడా తెలుస్తుంది. అయినా తాను అబద్ధమేమీ రాయలేదు. వాళ్లు పెట్టిన టిక్కులే కూడింది. మళ్లీ ఇంటికి వెళ్లి నాలుగోసారి కూడింది. ఒక్క మార్కు కూడా తగ్గలేదు.

శుక్రవారం పది గంటలకు హాలు ముందు రెండు అంబులెన్సులు, ఒక పోలీసు జీపు ఆగాయి. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు బహుమతులిస్తారని గల్లీలో ఎవరో పుట్టించారు. పెంటవ్వ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

వైభవ్ సున్నా తెచ్చుకున్న మనిషితో సభ మొదలుపెట్టాలనుకున్నాడు. రాజమౌళిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. రాజమౌళికి ముప్పై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, కుడి మణికట్టుకు కట్టు ఉంది. స్నానాలగదిలో జారిపడ్డాడని అతని భార్య కోమల్ అందరికీ చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు కానీ ఈ సన్మానం ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. రాజమౌళికి అసలే అర్థం కాలేదు.

"ఇంతమంది మధ్య ఉంటూ మీరు దానికి ఎలా దూరంగా ఉండగలిగారు?" అని వైభవ్ మరాఠీలో అడిగితే రోజా తెలుగులో చెప్పింది.

రాజమౌళి ఇబ్బందిగా నవ్వాడు. "నాకు చిన్నప్పటిసంది దాని వాసనే పడది సార్. మా అమ్మ ముక్కు మూసి పోసినా కక్కేటోన్ని."

రోజాకు ఆ మాట చెప్పాలని లేదు. అయినా ఉద్యోగం కనుక ఉన్నదున్నట్టు మరాఠీలోకి మార్చింది. పోలీసు ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు వంగాడు.

"అవు సార్!" కింద నుంచి ఐలవ్వ లేచింది. "ఎన్ని దెబ్బలు కొట్టినా వీడు తాగకపోతుండె. పెద్దోడు బంగారం. పాలు మానంగనే దానికి మరిగిండు."

దాన్నీ మరాఠీలో చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నప్పుడు రోజా నేలవైపు చూసింది. ఇన్‌స్పెక్టరు లేచి ఐలవ్వ దగ్గరికి నడిచాడు. రోజా ఇచ్చిన ప్లాస్టిక్ సంచి అతని చేతిలో ఉంది.

"ఇది ఎవరిది?"

ఐలవ్వ సంచి లాక్కున్నంత పని చేసింది. "నా మెంతికూర! రెండు దినాలసంది ఎతుకుతున్న. మీకెట్ల దొరికింది సార్?"

ఇన్‌స్పెక్టరు సంచి విప్పి వాసన చూశాడు. అతని ఇంట్లోనూ అదే వాసన ఉంటుంది కాబోలు, ముఖం మారింది. కొంచెం తగ్గి, "మరి రోజూ తాగేది ఎక్కడ దొరుకుతుందో అడుగు," అన్నాడు.

"దొరుకుడేంది?" అంది ఐలవ్వ. "ఇంట్లనే కాస్త. రేషన్ బియ్యం నానవోసి, ఇంత ఉప్పేసి..."

రోజా మరాఠీలోకి మార్చకుండా అత్తవైపు తిరిగింది. "అత్తమ్మా, ఏ బియ్యం? నువ్వు దేని గురించి జెప్తున్నవు?"

"దేని గురించేందే? గంజి గురించి."

"కాగితంల ఏమున్నది? సదువు, గట్టిగ సదువు!"

ఐలవ్వ కోడలి చేతిలోని ఫారం అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, రాత్రిబడిలో నిలబడినట్టు నిటారుగా నిలబడి చదివింది. "ఒకటి. గడిచిన మూడు నెలల్లో మీరు ఎన్నిసార్లు గంజి తాగారు? రెండు. గంజి తాగాలని మీకు బలంగా అనిపించిందా?..." ఎనిమిదో ప్రశ్న, గంజి తాగి మగ్గం మీదికి వెళ్లారా అన్నది, చదివేసరికి వెనక వరసలో పనివాళ్లు బెంచీలు గుద్దుతూ నవ్వుతున్నారు. సదానందం ఒక్కడే నవ్వలేదు. ఆయన కూడా పొద్దున గంజి తాగే వచ్చాడు.

వైభవ్ చొక్కా మొదటిసారి నలిగింది. "అంటే యాభై ముగ్గురూ..."

"గంజి తాగారు సార్," అంది రోజా మరాఠీలో. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. అత్తను దొంగను చేసింది, మొగుణ్ని నిలదీసింది, గల్లీ అన్నం ఆపింది. తన ఉద్యోగం ఈ సాయంత్రం దాకా కూడా ఉండదు.

నవ్వుల మధ్య వేదిక మీద ఒక మనిషి కదలకుండా ఉన్న సంగతి ఆమెకు ఆలస్యంగా తెలిసింది. రాజమౌళి ముఖం పాలిపోయింది.

"అయితే వదినె, ఈ శాలువా గంజి తాగనందుకు గాదా?"

"కాదు. గాంజా తాగనందుకు."

రాజమౌళి శాలువా తీసి నాలుగు మడతలు పెట్టాడు. వైభవ్ చేతిలో పెట్టి, మెట్లు దిగి, హాలు వెనక తలుపు నుంచి బయటికి వెళ్లాడు. ముందు వరస నుంచి కోమల్ లేచి వెంట వెళ్లింది. ఆమె నడకలోని తొందర చూసి రోజా కూడా వెళ్లింది.

రాజమౌళి అంబులెన్సు నీడలో గొంతుకూర్చున్నాడు. "నన్ను మల్లోసారి అడుగు వదినె. ఆ మాట పెట్టి అడుగు."

రోజా ఈసారి రూలు పట్టించుకోలేదు. అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. "రాజమౌళీ, మూడు నెలలల్ల ఎన్నిసార్లు గాంజా తాగినవు?"

"దినాం."

"తాగాలని గుంజుతదా?"

"సాంచెల మోత తల్కాయలకెల్లి పోతలేదు వదినె. పండుకున్నా టక్ టక్ మంటనే ఉంటది. రెండు దమ్ములు గుంజితే జర దూరమైతది. మొదాట రెండే. ఇప్పుడు రెండుతోని పోతలేదు."

కోమల్ పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తాగి సాంచె మీదికి పోయినవా?" ఇది ఎనిమిదోది.

రాజమౌళి కట్టు ఉన్న చెయ్యి పైకెత్తి చూపించాడు. "సాంచెలకెల్లి షటిల్ ఎగిరొచ్చి తగిలింది. తప్పుకోవాలెనని తెలుస్తనే ఉన్నది గని చెయ్యి కదలలే. ఇంకో బెత్తెడు పైకి తగిలితే కన్ను పోతుండె."

"జారిపడ్డడని నేనే జెప్పిన అక్కా," అంది కోమల్. "ఎవరికి జెప్పాల్నో సమజ్ గాలే."

"మొన్నటిసంది నీ సున్నా సూసి మురిసిపోయిన," అంది రోజా. "బుధవారం నాడే చెప్పకపోతివి."

"కాగితంల గంజి తాగుతవా అని ఉన్నది. తాగనని రాసిన. నేనేం అబద్ధం రాయలే."

ఎనిమిదీ కూడితే పదిహేడు వచ్చింది. రోజా వేళ్ల మీద కూడింది; తిరిగి కూడాలని అనిపించలేదు.

రెండు అంబులెన్సుల్లో ఒకటి ఖాళీగా వెళ్లిపోయింది. రెండోదానిలో రాజమౌళి, కోమల్ ఎక్కారు. వాళ్లతో పాటు పట్టుచీర నలగకుండా పెంటవ్వ కూడా ఎక్కింది. శిబిరానికి ఎలాగూ వచ్చాం కదా అని నర్సు ఆమె వేలు గుచ్చి చూస్తే షుగరు మూడువందల ఎనభై ఉంది. ఆమె విషయంలో ఆ ఎనిమిది ప్రశ్నలు పొరపాటు పడలేదని వైభవ్ పైఅధికారులకు గట్టిగా చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట వల్ల అతని ఉద్యోగమూ రోజా ఉద్యోగమూ నిలబడ్డాయి. మధ్యాహ్నానికి సదానందం కార్ఖానా తాళం తీశాడు. సెలవు రోజున తాళం ఎందుకు తీశావని ఎవరూ అడగలేదు. అంకుశం మాత్రం వారం రోజులు చాయ్ అడగాల్సి వచ్చినప్పుడల్లా, "రోజా, తాగొచ్చా?" అని అనుమతి అడిగి తాగాడు.

ఐలవ్వ తన మెంతికూర డబ్బాకు తాళం వేసుకుంది. కోడలితో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోనాడు తానే వచ్చి, "ఆ మరాఠీ కాగితం తే, అర్థం జెప్పు. ఈసారి నేను రాస్త తెలుగుల," అంది. అత్తాకోడళ్లు గడపలో కూర్చుని రాశారు. రోజా అంతసేపు కదలకుండా కూర్చోవడం గల్లీ అంతకుముందెన్నడూ చూడలేదు.

రాజమౌళి ఆస్పత్రిలో పదిరోజులు ఉన్నాడు. ఆ తర్వాత వారానికోసారి వెళ్లి మాట్లాడి వస్తున్నాడు. సాంచెలు మాని పక్కనే ఉన్న కాల్హేర్‌లో ఒక గోదాములో పనికి కుదిరాడు. అక్కడ లారీల మోత ఉంది కానీ రాత్రి తలలోకి రాదట. మధ్యలో రెండుసార్లు జారి మళ్లీ తాగాడు. రెండుసార్లూ కోమల్ దాచకుండా రోజాకు వచ్చి చెప్పింది.

మూడు నెలల తర్వాత రోజా కొత్త ఫారం పట్టుకుని వెళ్లింది. రాజమౌళి అక్షరం అక్షరం చదివి, గాంజా అని సరిగ్గా ఉందో లేదో చూసి, టిక్కులు పెట్టాడు. కూడితే ఆరు.

"ఆరంటే పాసా ఫెయిలా వదినె?"

రోజా శిక్షణలో ఇచ్చిన పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పింది. పదిహేడు నుంచి ఆరుకు దిగిన మనిషిని ఏమనాలో అందులో ఎక్కడా లేదు. దిగేవాళ్లుంటారని ఆఫీసు అనుకుని ఉండదు.